దూడ వాటా గంజి

నూకరాజని, తాడిచెట్లు గీసేవోడు. ఆడికి షుగరొచ్చిందంట. వస్తే వచ్చింది, ఊళ్ళో ఎవరికి లేదు గనక. కానీ కుడికాలి బొటనవేలికి పుండు పడి ఎంతకీ మానటం లేదు. ఏమైందంటే, టౌనులో డాక్టరమ్మ చూసి, మాత్రలు రాసి, "అన్నం మానెయ్. గుడ్డు తిను, చేప తిను, ఆకుకూర తిను. షుగరు దిగితేనే పుండు మానుద్ది, లేదంటే వేలు తీసెయ్యాలి" అందంట. మనమైతే వేలేగా అనుకుంటాం. నడుముకి మోకుతాడేసుకుని చెట్టెక్కేవోడికి ఆ వేలి పట్టే ఆధారం. అది పోతే చెట్టు లేదు, ఆడికి ఇంకో పనీ రాదు. భయమేసింది. "ఆయ్, మానేత్తానండి" అన్నాడు.

అన్నట్టే మానేశాడు, అబద్ధమెందుకు. పూటకో పళ్ళెం లాగించేవోడు మెతుకు ముట్టలేదనుకోండి. పెళ్ళాం మంగాయమ్మ గుడ్డట్టేసేది, చేపల పులుసు పెట్టేది, తోటకూర వేపేది. ఆడు తినేసి, నేను బియ్యపుగింజ ముట్టట్లేదొరేయ్ అని ఊరంతా చెప్పుకునేవోడు. మళ్ళీ రక్తం తీసి చూస్తే షుగరు అక్కడే ఉంది, పుండూ అక్కడే ఉంది. ఏం తింటన్నావయ్యా అంటే గుడ్డు, చేప అంటాడు. మంగాయమ్మా అదే అంటది. డాక్టరమ్మకి బోధపళ్ళేదు. ఇంకోసారి చూస్తాను, అప్పటికీ దిగకపోతే వేలు తీసేద్దాం అందంట. ఇంటికొచ్చి మంగాయమ్మ ఏడ్చింది.

ఇక్కడ ఇంకోటి చెప్పాలి. ఆళ్ళకో గేదెదూడ ఉంది. మంగాయమ్మ తనకీ పిల్లలకీ అన్నం వండుకుని, వార్చిన గంజి దూడకి పెట్టమని మొగుడి చేతికిచ్చేది. ఆ దూడేమో రోజురోజుకీ ఎముకలు తేలిపోతంది. దీనికేం రోగమొచ్చిందా అని ఓ పొద్దున ఆవిడ పాక వెనక్కెళ్ళి చూస్తే ఏముంది? దూడ తాడు తెంపుకుంటా అరుస్తంది, ఈడు తపేలా ఎత్తి, ఉప్పేసుకుని గంజి తాగుతున్నాడంట. ఇదేం పనయ్యా అంటే, "అన్నం మానమంది గానీ, నీళ్ళు మానమందా?" అన్నాడంట, ధీమాగా. మంగాయమ్మ అరవలేదు. "దూడకి గంజి పెట్టవే, కండ పట్టుద్ది అని పొద్దస్తమానం నా ప్రాణం తీసింది నువ్వేగా. దానికి కండ పట్టించేది నీ కడుపులోకెళ్తే నీళ్ళైపోయిందా?" అంది. ఆడు తపేలా దించి దూడ ముందు పెట్టాడు.

గంజి మానాక షుగరు దిగింది. పుండు మానటానికి చాన్నాళ్ళు పట్టింది గానీ, వేలు నిలబడింది. ఇప్పుడు చెట్టెక్కుతున్నాడు. దూడా కోలుకుంది. నవ్వితే నవ్వండి గానీ, ఆడొక్కడే అనుకోకండి. దూడకి మెతుకులెయ్యమంటే, గంజి చాల్లే, అదీ తిండేగా అంటాం. మనల్ని గంజి మానమంటే మాత్రం, అది తిండెలాగైద్ది అంటాం.