జెస్సీ రాసిన కాయితం

కుర్చీ ఎందుకులే సుజన టీచరమ్మా, నిలబడే అడుగుతాను. ఇంగ్లీషు కాన్వెంటులో తెలుగు మాట్లాడించేదేంది? మా కొడుకు జోసెఫ్ ఉదయగిరి బస్సు తోలి తోలి బిడ్డని నాలుగో క్లాసు దాకా తెచ్చింది ఇందుకా?

పోయినేడు మా మనవరాలు జెస్సీ పాఠం గడగడా అప్పజెప్పేది. బుక్కు మూసినా ఆగేది కాదు! నువ్వొచ్చినాక బట్టీ వద్దన్నావంట. ఇంట్లో ఏం జరిగిందో చెప్పమంటావంట. మా బర్రె ఈనిన సంగతి అది తెలుగులో చెప్తే, నువ్వు ఇంగ్లీషులో బోర్డు మీద రాసి, ఒక్కో మాట కింద వేలు పెట్టించి చదివిస్తావంట.

మా ఇంటి సంగతులు నీకెందుకు? ఎవరైనా ఆరా తీయమన్నారా? నిజం చెప్పు.

నవ్వబాక. ఆ వేలే నా కొంప ముంచింది.

మా చర్చిలో స్త్రీల సమాజానికి వాక్యం చదివేది నేనే. పన్నెండేళ్ల నించీ రెబెకమ్మ లేస్తేనే మీటింగు మొదలు. మొన్న జెస్సీ పక్కన నిలబడి నా బైబిల్లో వేలు పెట్టింది. "అవ్వా, నువ్వు చదివేది ఈ పేజీలో లేదే?" అనింది. మెల్లిగానే అనిందిలే. నేను గబుక్కున పేజీ తిప్పేసినాను.

ఏంది అట్టా చూస్తావు? అవును, నాకు చదువు రాదు. శనివారం కోడలి చేత రెండుసార్లు చదివించుకోని కంఠతా పడతాను. ఆ సంగతి మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇంక చెప్పేస్తాను. హెడ్మాస్టరు గారికి నీ మీద కాయితం ఇచ్చింది నేనే. నువ్వు పోయి పాత టీచరొస్తే బిడ్డ మళ్లీ బట్టీ కొడతాది, నా జోలికి రాదనుకున్నాను. రాసేదానికి నాకు చేతకాదు గదా. కోడలేమో నీ పక్షం. అందుకే జెస్సీ చేతనే రాయించినాను. "ఈ టీచరు చదువు చెప్పదు, మార్చండి" అని నేను చెప్తా ఉంటే కళ్లు తుడుచుకుంటా రాసింది పాపం.

హెడ్మాస్టరు గారు చదివి కోప్పడలా. నా మొహం చూసి, "పోయి సుజన టీచరుతో మాట్లాడమ్మా" అన్నాడు. అంతే! అప్పటి నించీ నాకు అనుమానం పీకతా ఉండాది. నేను చెప్పిందే రాసిందా ఆ పిల్ల?

నీ చేతిలో ఉండేది అదేనా? ఇంగ్లీషా! నేను తెలుగులో గదా చెప్పింది. చదివి తెలుగులో చెప్పు. ఒక్క మాటా మింగబాక.

"మా టీచరు మంచిది"... నేననలా ఆ మాట! ఇంకా?

"మా అవ్వకి చదవడం రాదు. అందుకే టీచరంటే భయం."

అంతేనా? అంతే రాసిందా?

ఆ హెడ్మాస్టరు భార్యే మా సమాజానికి సెక్రటరీ, టీచరమ్మా. ఈపాటికి ఆమెకీ తెలిసుంటాది. ఈ ఆదివారం నేను బైబిలు తెరిస్తే ఎంత, మూస్తే ఎంత?

ఇంతకీ తప్పుల్లేకుండా రాసిందా? ఒక్కటి గూడా లేదా? బాగానే నేర్పినావులే తల్లీ. నా పరువు తీసేంత బాగా నేర్పినావు.