ఎర్ర మైనం మీద తెమ్యోంగ్ సవారీ

శాన్ రోకెలో మాటలకి కరువొస్తే తెమ్యోంగ్ ఇంటికెళ్లి బస్తాల్లో తెచ్చుకోవచ్చని జనం అంటారు. ఆ ఇంటి ముందు గదిలోనే ఆయన భార్య సేలా చిన్న కొట్టు నడుపుతుంది. సబ్బుబిళ్ల కోసం వచ్చినవాడు బల్ల మీద కూలబడి, ఓ కథ విని, సబ్బు సంగతి మరిచిపోయి ఇంటికెళ్లి పెళ్లాం చేత చీవాట్లు తినడం అక్కడ కొత్త కాదు.

ఆ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక వసారాలో ముగ్గురే ఉన్నారు. బల్ల నిండా తెమ్యోంగ్, మెట్టు మీద ట్రైసికిల్ తోలే డెన్సియో, బియ్యం బస్తాకి ఆనుకుని మనవరాలు జోవెలిన్. లోపల సేలా మూకుట్లో అరటిపళ్లు పంచదార పాకంతో వేయించి పుల్లలకి గుచ్చుతోంది. జోవెలిన్ చేతిలోనూ ఒక పుల్ల ఉంది. పాకం గట్టిపడింది, ఈగ వాలింది, పిల్ల మాత్రం కొరకలేదు.

మర్నాడే బడి తెరుస్తారు. పిల్ల ఏడో తరగతి. ఊరి చివర పెద్ద హైస్కూల్, ఆరేడు వేలమంది. పిల్లలందరికీ ఒక్కసారే చోటు చాలక, పొద్దున సగం మంది, మధ్యాహ్నం సగం మంది. చిన్న బళ్లో ఆరేళ్లూ ఒకే బల్ల మీద కూర్చున్న స్నేహితురాలికి మధ్యాహ్నం బడి పడింది, జోవెలిన్‌కి పొద్దున్న. కొత్త సంచీ సర్దుకుంది. నేలకి రాసే ఎర్ర మైనం డబ్బా, పీచుతో సహా సగానికి కోసిన కొబ్బరి డొక్క అందులో పెట్టుకుంది. గది తుడిచే వంతు కోసం అవి లేకుండా ఏ పిల్లా బడికి వెళ్లదు. పీచు నేలకి తగిలేలా బోర్లించిన డొక్క వీపు మీద కాలేసి రుద్దడం ఆ ఊళ్లో నడక నేర్చిన ప్రతి పిల్లకీ వచ్చు. జోవెలిన్‌కి రానిదల్లా ఒక్కటే, విరామం గంట కొట్టాక అంత జనంలో ఎటు నడవాలో.

"లోలో," అంది తాతతో, మెల్లిగా. "మొదటి రోజు మీరు ఎవరి పక్కన కూర్చున్నారు?"

"ఎవరి పక్కనా? నా పక్కన కూర్చోడానికి ఎంతమంది కొట్టుకున్నారని అడుగు!"

లోపల గరిటె మూకుడు అంచుకి టంగుమని తగిలింది. తెమ్యోంగ్‌కి అది వినపడలేదు, పెళ్లయినప్పటినుంచీ వినపడదు.

"చెప్తా విను. నాది ఇరవై రెండో సెక్షన్, అంటే మార్కుల్లో చిట్టచివరిది. మొదటి సెక్షన్ వాళ్లు లావుపాటి పుస్తకాలు గుండెకి ఆనించుకుని మెట్ల మీద కూర్చునేవాళ్లు, మనలాంటి వాళ్లు ఆ మెట్లెక్కితే మెట్లకి జ్వరమొస్తుందన్నట్టు చూసేవాళ్లు. కుళాయి దగ్గర దువ్వెనల పిల్లలు. ఒక దువ్వెన పోతే అందరూ కలిసి ఏడుస్తారు. బాస్కెట్‌బాల్ వాళ్లది ఒక మూల, డప్పుల బ్యాండు వాళ్లదొకటి, ఇస్త్రీ మడతలు నలగకూడదని నిలబడే అన్నం తినే కవాతు వాళ్లదొకటి. వెనక గోడ మీద చేపల సంత పిల్లలు. ఒకరి చోట్లోకి ఒకరు పోరు, పోతే మర్యాద దక్కదు."

"ఇప్పుడూ అంతేనంట," అంది జోవెలిన్.

"ఆఁ, నేను లేనుగా మరి! నేనున్నప్పుడు ఏమైందంటే, బుధవారం మా వంతు. నేను డొక్క పట్టానంటే నేల అద్దమే. గదిలోకొచ్చిన టీచరమ్మ కిందికి చూసి తల దువ్వుకుని గానీ పాఠం మొదలెట్టేది కాదు."

"అది మాత్రం నమ్మొచ్చు," అన్నాడు డెన్సియో.

"నమ్మక ఏం చేస్తావ్? పైకప్పు మీది బల్లి కిందికి చూసి, ఎవడ్రా నా చోట్లో ఇంకొకడని మీదికి దూకింది. పాపం, నడుం విరిగింది. నేనే కట్టు కట్టా."

"బల్లికి కట్టా, మాంగ్ తెమ్యోంగ్?" అన్నాడు డెన్సియో. ఊళ్లో పెద్దవాళ్లని మాంగ్ అనే పిలుస్తారు.

"చిన్న కట్టేలే. నువ్వు మధ్యలో అడ్డం రాకు. ఒక బుధవారం ఏం చేశానంటే, మైనం ఎండిపోయిందని దాంట్లో కాస్త కిరసనాయిలు కలిపా. నాకు తెలియకుండా ఇంకో కాస్త పడింది. కుడికాలు డొక్క మీద పెట్టి ఒక్క తోపు తోశా. అంతే! ఆ డొక్క గదిలో ఆగలేదు, గుమ్మం దగ్గర ఆగలేదు, నన్ను మోసుకుని వరండాలో పడింది. ఆగవే అంటే ఆగదే! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడ్డావు," అన్నాడు డెన్సియో.

"నువ్వు పడతావు, నేను పడతానా? ఎదురుగా మెట్ల మీద మొదటి సెక్షన్ వాళ్లు. వాళ్లలో అందరికంటే తెలివైనవాడు, కళ్లజోడువాడు, తప్పుకోడానికి ఎన్ని అడుగులు కావాలో లెక్కేస్తూ నిలబడ్డాడు. లెక్క తేలేలోగా నా నడుం పట్టుకుని వెనక జారుతున్నాడు! వాడి నడుం పట్టుకుని వాడి సెక్షనంతా. కుళాయి దగ్గరికి పోయేసరికి దువ్వెనల పిల్లలు కెవ్వుమని వీళ్లని పట్టుకున్నారు. బాస్కెట్‌బాల్ వాడొకడు బంతి పైకి విసిరి, అది దిగేలోగా మాతో వచ్చేశాడు. ఆ బంతి ఇంకా దిగలేదు."

డెన్సియో తలెత్తి ఆకాశంలోకి చూశాడు. "అదేనా అది, ఆ కొబ్బరిచెట్టు పక్కన?"

"నవ్వు, నవ్వు. కవాతు నాయకుడు మాకు ఎదురొచ్చి, ఆగ్! అని అరిచాడు. వాడి దళమంతా టక్కున ఆగింది, డొక్క ఆగలేదు. దానికి కవాతు ఎవడు నేర్పాడు? అలా వాళ్లనీ, బ్యాండు వాళ్లనీ, వెనక గోడ మీది సంత పిల్లలనీ, వాళ్ల చేపల బుట్టలతో సహా, పొద్దున బడి వాళ్లనీ, అప్పుడే గేటు దగ్గరికొస్తున్న మధ్యాహ్నం బడి వాళ్లనీ, అందర్నీ ఒకే వరసలో తోరణంలాగా..."

"మధ్యాహ్నం వాళ్లని కూడానా?" జోవెలిన్ నిటారుగా కూర్చుంది.

"వాళ్లని వదిలేస్తానా! గేటు దగ్గర కాపలావాడు, చీటీ ఏదిరా అన్నాడు. వెనకవాడి దగ్గరుంది అన్నా. వాడూ అదే అన్నాడు. ఆఖరివాణ్ణి అడుగుదామని నిలబడ్డాడు పాపం, అంతమంది దాటేసరికి ఆయనకి గడ్డం పెరిగింది. సంతలోంచి పోయాం, చర్చి ముందునుంచి పోయాం. చర్చి ముందు అందరం ఒక్కసారిగా సిలువ గుర్తు వేసుకున్నాం, ఎంత తొందరలో ఉన్నా భక్తి భక్తే కదా. ఆ గాలికి పాదిరిగారి తీర్థం చెంబు ఒలికి మా దారి ఇంకా నున్నబడింది. రేవు దాటి సముద్రంలోకి!"

"మునిగిపోయారు," అన్నాడు డెన్సియో.

"మైనం నీళ్లలో మునుగుతుందా? చిన్నబళ్లో కూడా చెప్తారు! అంత జనం వరసగా డొక్క మీద పోతుంటే అలలన్నీ అణిగి, సముద్రం మన వసారాలాగా తళతళా మెరిసింది. దూరంగా ఓడలో కెప్టెను తెల్లారిందనుకుని కాఫీ పెట్టించుకున్నాడు. ఎదురు దీవిలో దిగాం. ఆకలి. అన్నం కుండ ఒక్కటే ఉంది. సంత పిల్లల చేపలు, మొదటి సెక్షన్ వాళ్ల గుడ్లు, దువ్వెనల పిల్లల మామిడిముక్కలు అన్నీ ఒకే అరిటాకు మీద పోసి, చేతులతో కలిపి తిన్నాం. అరిటాకు ఎంత పొడుగనుకున్నావ్? ఈ చివర కూర్చున్నవాడు ఉప్పు అడిగితే ఆ చివరనుంచి వచ్చేసరికి మధ్యలో అందరూ కాస్త కాస్త తీసుకుని..."

"లోలో," జోవెలిన్ మధ్యలో అడిగింది. నవ్వడంలేదు. "అప్పుడు మీ పక్కన ఎవరు కూర్చున్నారు?"

తెమ్యోంగ్ కథల మధ్యలో ఇంతవరకూ ఎవరూ అలాంటి ప్రశ్న వేయలేదు.

"అందరూ!" అన్నాడు.

"అంతమందీ నీ పక్కనేనా?" అన్నాడు డెన్సియో. "నీకు ఎన్ని పక్కలున్నాయి, మాంగ్ తెమ్యోంగ్?"

గరిటె మళ్లీ టంగుమంది. ఈసారి కాస్త గట్టిగానే.

"ఆ రోజునుంచీ ఆ బళ్లో గుంపుల్లేవు," అని ముగించాడు తెమ్యోంగ్, దణ్ణాలు అందుకునేవాడిలా చేతులు చాపి. "గంట కొట్టకముందే వెనక్కొచ్చేశాం. హెడ్మాస్టరుగారు నా డొక్కని అద్దాల బీరువాలో పెట్టించారు."

జోవెలిన్ లేచింది. పుల్ల బస్తా మీద పెట్టి, సంచీలోంచి తన కొబ్బరి డొక్క తీసి, తాత కాళ్ల దగ్గర పెట్టింది. దాని పక్కన మైనం డబ్బా. సేలా ప్రతి శనివారం రుద్దే ఎర్ర వసారా అది. చూసుకుంటే ముఖం కనపడుతుంది.

"ఒక్కసారి చూపించండి, లోలో. ఎలా తోశారో. రేపు నా వంతు వస్తే నేనూ తోస్తాను. అందర్నీ పట్టుకుంటాను."

పిల్ల మొహం చూసి డెన్సియో కూడా నవ్వాపుకున్నాడు. అక్కడ నమ్మనివాళ్లు ఇద్దరున్నా, నమ్మడం తప్ప వేరే దారి లేని ఒక్క మనిషి ఉంది.

"మోకాలు నొప్పి," అన్నాడు తెమ్యోంగ్.

"కొంచెమే. ఈ స్తంభం దాకా."

"ఎందుకు చూపించడు? చూపిస్తాడు," అన్నాడు డెన్సియో. "బల్లికి కట్టు కట్టిన మనిషి!"

తప్పలేదు. తెమ్యోంగ్ చెప్పు విడిచాడు, ప్యాంటు పైకి మడిచాడు, చర్చి వైపు తిరిగి సిలువ గుర్తు వేసుకున్నాడు. డొక్కని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూసి, నున్నటి వీపు కిందికీ కోసిన పీచు పైకీ వచ్చేలా, దోనెని నీళ్లలో దింపినట్టు నేల మీద పెట్టాడు. దాంట్లో కాలేశాడు.

డొక్క బొంగరంలా ఒక్క చుట్టు తిరిగింది. తెమ్యోంగ్ అరచుట్టు తిరిగి, బియ్యం బస్తా మీద చతికిలబడ్డాడు, అరటిపండు పుల్ల పక్కనే.

డెన్సియో నోరు తెరిచి డొక్క వైపు చూస్తున్నాడు.

"లోలో," అంది జోవెలిన్, పెద్దవాళ్ల తప్పు చెప్పాల్సొచ్చిన పిల్లలాగా నేల చూస్తూ. "అది తిరగేసి పెట్టారు."

మూకుడు దింపిన చప్పుడైంది. సేలా చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఆయనకెలా తెలుస్తుంది, తల్లీ? డొక్క ఏ పక్క నేలకి ఉంటుందో చూసేదాకా ఆయన గదిలో ఉంటే కదా! ఒకే సెక్షన్ మాది, బుధవారం జట్టుకి పెద్దని నేను. నేను మైనం డబ్బా మూత తీసేలోగా ఈయన కిటికీలోంచి దూకేవాడు. మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదంటారు. నిజమే, ఈయన కాలు గడప ఎప్పుడూ దాటలేదు, కిటికీయే దాటింది. ఈయన వంతు కూడా నేనే రుద్దా. పెళ్లి చేసుకుని, ఇదిగో, ఇప్పటికీ రుద్దుతూనే ఉన్నా."

డెన్సియో మెట్టు మీదనుంచి జారి కింద పడి మరీ నవ్వాడు.

జోవెలిన్ నవ్వలేదు, అమ్మమ్మ వైపు తిరిగింది. "మరి మీరు ఎవరి పక్కన కూర్చునేవారు, లోలా?"

"కూర్చోడమేంటి, కూలబడ్డమే! రుద్ది రుద్ది కాళ్లు లాగేసి, ఆ తుడిచిన నేల మీదే అందరం పడేవాళ్లం. మొదటి బుధవారం నా భుజం మీద తల వాల్చి రొప్పిన పిల్ల పేరు కూడా నాకు తెలీదు. పేరు తర్వాత అడిగా. మీ అమ్మకి జ్ఞానస్నానపు తల్లి ఆవిడే." సేలా పుల్ల మీది ఈగని తోలి పిల్ల చేతికి అందించింది. "నీకూ ఏదో ఒక వారం వంతు వేస్తారు. నువ్వు రుద్దుతూ ఉండు. కిటికీ దగ్గర నిలబడే అబ్బాయి మీద మాత్రం ఓ కన్నేసి ఉంచు."

జోవెలిన్ కాలి బొటనవేలితో డొక్కని బోర్లించింది. దాని వీపు మీద పాదం పెట్టి, ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ముందుకీ వెనక్కీ రుద్దింది. సుయ్ సుయ్‌మని నేల పలికింది. రెండో చేతిలోని అరటిపండు ఒక ముక్క కొరికింది.

తెమ్యోంగ్ బస్తా మీదనుంచి లేవలేదు. మోకాలు రుద్దుకున్నాడు, పైకప్పు చూశాడు, మనవరాలి పాదం వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మేడ మీద గది కూడా కాదు, మోకాలెత్తు కిటికీ," అంది సేలా ముందుగానే, లోపలికి వెళ్తూ.

"అది సరే గానీ, డెన్సియో," అన్నాడు తెమ్యోంగ్, ముందుకు వంగి. "ఆ కిటికీ కింద ఆ రోజుల్లో మొసళ్లుండేవి, తెలుసా?"