రౌతు పక్కన గుర్రం

డెట్రాయిట్ మ్యూజియంలో అద్దం వెనక రెండు అస్థిపంజరాలున్నాయి. తల్లీ కూతుళ్ళు అక్కడ ఆగారు.

“మనిషి పక్కన గుర్రాన్నెందుకు పూడ్చారే?”

“పదమూడు వందల ఏళ్ళ కిందటి రౌతు, అమ్మా. ఆయన పోతే దాన్నీ చంపి పక్కనే పెట్టారట.”

“దానికేం జబ్బు?”

“జబ్బేం లేదు. ఆయన గుర్రాన్ని ఇంకెవరూ ఎక్కకూడదని.”

“మరి ఆయన భార్య ఎక్కడికైనా ఎలా వెళ్ళేది?”

“నడిచే వెళ్ళుంటుంది. నువ్వు మంచులో చర్చికి నడుస్తున్నట్టు.”

“నాకర్థం కావట్లేదు. అది ప్రేమా, శిక్షా?”

“నువ్వే చెప్పాలి. నాన్న పోయాక ఆయన కారు మీద దుప్పటి కప్పి ఏడాదైంది. నన్ను కూడా ముట్టుకోనివ్వవు.”

“కారుకి ప్రాణం లేదు కదే.”

“నీకుంది కదమ్మా.”

తల్లి అద్దం దగ్గర్నించి ఇవతలికి వచ్చింది.

“ఈ వయసులో నాకు లైసెన్స్ ఇస్తారంటావా?”