మొసలికి కుట్టిన కాజా

ఆయన్ని వీధి వీధంతా గజాల మావయ్య అంటారు. దర్జీ కాబట్టి ఆ పేరొచ్చిందనుకుంటే పొరపాటే. అంగుళం జరిగితే గజం చెప్తాడని వచ్చింది. చొక్కా కొలతల్లో మాత్రం దారప్పోగంత తేడా రానివ్వడు. నోటికి ఇవ్వాల్సిన కొలత కూడా దేవుడు ఆయన చేతికే ఇచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం కొట్లో నలుగురున్నారు. కట్టింగు బల్ల వెనక మావయ్య, గుమ్మం దగ్గర పని తక్కువై వచ్చి కూర్చున్న ఇస్త్రీ పెద్దాయన, మూల స్టూలు మీద చొక్కాలకి గుండీలు కుడుతూ అత్తయ్య, ఆవిడ పక్కనే ఫోను ఒళ్ళో పెట్టుకుని మేనకోడలు.

మేనకోడలు కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో అమర్చడం. పరాయి దేశం కంపెనీ ఒకటి రెండేళ్ళ పనికి రమ్మంది. వస్తారో రారో ఇవాళ సాయంత్రం ఐదింటిలోపు చెప్పమంది. ఆమె ఎన్నాళ్ళుగానో నేర్చుకోవాలనుకుంటున్న యంత్రాలన్నీ అక్కడున్నాయి. కాకపోతే వారం రోజులుగా ఆ దేశం గురించి ఫోన్లో ఏది వెతికినా ముందు పాములొస్తున్నాయి, వెనక సాలీళ్ళొస్తున్నాయి, ఆ వెనక మొసళ్ళొస్తున్నాయి. అమ్మ ఒకటే మాటంది: "మీ మావయ్య ఆరు నెలలు ఉండొచ్చాడుగా. వాణ్ణడుగు." నిజమే, ఇంటిమొత్తానికి ఆ దేశం గాలి పీల్చింది ఆయనొక్కడే. ఇరవై ఏళ్ళ కింద, ఈ కొట్టు పెట్టకముందు, యూనిఫారాలు కుట్టే పని మీద వెళ్ళాడు.

"అక్కడ నిజంగానే అన్నేసి విషప్పురుగులుంటాయా మావయ్యా?" అని అడిగింది.

మావయ్య కత్తెర కింద పెట్టాడు. ఆయన కత్తెర కింద పెట్టాడంటే ఇక ఆ పూట గుడ్డ తెగదని పెద్దాయనకి తెలుసు. అందుకే కాళ్ళు పైకి ముడుచుకుని సర్దుకుని కూర్చున్నాడు.

"ఉంటాయా అంటావేంటే కోడలా, అక్కడుండేవే అవి. మనుషులు మధ్య మధ్యలో ఉంటారు. నేను దిగిన రెండో రోజే చూడు, పొద్దున్నే పనికెళ్దామని బూటులో కాలు పెట్టబోతే లోపలేదో కదిలింది. బోర్లించి తడితే సాలీడు. ఎంతో కాదు, ఇదిగో, ఈ అరచేతంత. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, అరచెయ్యి దాటదు. నేనేం కంగారు పడలేదు. నాయనా, ఇది నా బూటు, నువ్వు వేరే ఇల్లు చూసుకో అని చెప్పి కిటికీలోంచి వదిలేశాను."

"అంతేనా?" అన్నాడు పెద్దాయన, కాస్త నిరాశగా.

"సాలీడు సంగతి అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా మేనేజరుకి సూటు కావాల్సొచ్చింది. పదకొండింటికల్లా వచ్చి కొలతలు తియ్యమన్నాడు. నా టేపు ఎప్పుడూ తలుపు పక్కన మేకుకి వేలాడుతుంది కదా, అలవాటు చొప్పున చెయ్యి చాపి లాగి మెడలో వేసుకుని పోయాను. మెడకి చల్లగా తగిలింది. చలి దేశం, టేపు మాత్రం చల్లబడదా ఏంటి అనుకున్నాను. ఛాతీ నలభై రెండు, భుజం పద్దెనిమిది, అంతా బానే ఉంది. నడుం దగ్గరికొచ్చేసరికి ఆయన మొహం కందగడ్డయిపోయింది. ఊపిరి బిగబట్టకండి సార్, కొలత తప్పొస్తుంది అన్నాను. నేనెక్కడ బిగబట్టానయ్యా, నీ టేపే బిగిస్తోంది అన్నాడాయన. అప్పుడు చూశాను, టేపుకి కళ్ళున్నాయి."

"పామా?" అన్నాడు పెద్దాయన.

"మరి?"

"పాము మీద అంగుళాలెక్కడుంటాయి, కొలవడానికి?"

"చారలుంటాయిగా. చారకీ చారకీ మధ్య సరిగ్గా అంగుళం. నువ్వు నమ్మవు గానీ ఆ సూటు ఆయనకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. అంత నికార్సయిన టేపు నాకు మళ్ళీ దొరకలేదు."

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. మేనకోడలు కూడా నవ్వబోయింది గానీ నవ్వు మధ్యలో ఆగిపోయింది. మావయ్య చెప్పినదాంట్లో ముప్పాతిక కొట్టెయ్యడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇవాళా కొట్టేసింది. పావు పాము మిగిలింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా. మెడలో వేసుకుని ఉండడు, కానీ గదిలోకి వచ్చే ఉంటుంది. రాకపోతే ఈ మాట ఎక్కణ్ణుంచి పుడుతుంది? స్టూలు కిందున్న పాదాలు తనకి తెలియకుండానే పైకి లాక్కుంది.

"ఇంకా నయం, నీటి సంగతి చెప్పలేదు," అన్నాడు మావయ్య. "కొత్త గుడ్డ కుట్టేముందు నీళ్ళలో నానెయ్యాలి, లేకపోతే తర్వాత ముడుచుకుపోతుంది, తెలుసుగా. మా హాస్టలు వెనకాల కాలవ. ఇరవై గజాల తాను తీసుకెళ్ళి ముంచాను. అటు చివర ఎవరో లాగుతున్నారు. ఎవరయ్యా అది, కంపెనీ గుడ్డ, చిరిగితే నా జీతంలో కోస్తారు అని నేనూ లాగాను. లాగగా లాగగా వచ్చింది, ఈ గుమ్మం నుంచి ఎదురు కొట్టు దాకా ఉంది మొసలి. నోరు తెరిచింది. నా దగ్గరేముంది? కాలరు మడతలో గుచ్చుకున్న సూది, అంతే. రెండు పోగుల దారం ఎక్కించి ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా నోరు కుట్టేశాను. ఆఖర్న ముడి కూడా వేశాను, పనన్నాక పనే."

"మొసలి ఊరుకుందా?" అన్నాడు పెద్దాయన.

"ఏడ్చింది. మొసలి కన్నీరులే అనుకున్నాను ముందు. కాదు, నిజంగానే ఏడుస్తోంది. ఆకలికి ఏం తింటుంది పాపం? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మనసు ఒప్పుకోలేదు. కుట్టు విప్పేసి, పై పెదవికి ఒక కాజా తీసి, కింది పెదవికి నాలుగు కన్నాల గుండీ కుట్టిచ్చాను. తినేటప్పుడు విప్పుకుంటుంది, తిన్నాక పెట్టుకుంటుంది. ఇప్పటికీ ఆ కాలవలో తిరుగుతోంది, వెళ్ళి చూసుకోండి."

"ఏ చేత్తో పెట్టుకుంటుంది?"

"ఎడమ చేత్తో. అందుకే కాజా అటు వైపు తీశాను."

అత్తయ్య చేతిలో గుండీ మీద సూది ఆగింది. తలెత్తలేదు, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

మావయ్యకి ఊపొచ్చింది. కాజా సంగతి అడవంతా పాకిందట. ఎలుగుబంటి వచ్చి నడుం దగ్గర వదులైంది, రెండంగుళాలు బిగించమందట. తోడేళ్ళు నలుగురన్నదమ్ములొచ్చి ఒకే తానులోంచి కావాలన్నాయట. "ఆఖరికి పులొచ్చింది. వరసలో రా, ముందు ఎలుగుబంటి ఉంది అన్నాను. పాపం వరసలోనే నిలబడింది. ఏం కావాలమ్మా అంటే, ఈ అడ్డచారల్లో లావుగా కనపడుతున్నాను, నిలువు చారలు వేసిపెట్టు అంది. అబ్బో, అలాంటి దేశంలో ఆరు నెలలు నెగ్గుకురావాలంటే మాటలు కాదే కోడలా. దానికో గుండె ఉండాలి."

పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. మేనకోడలు గడియారం చూసింది. ఐదుకి పావుగంట తక్కువ. అంత గుండె తనకి లేదు. ఉన్నమాట ఒప్పుకుంటే తప్పేముంది? ఫోను తీసి టైపు చెయ్యడం మొదలుపెట్టింది: నన్ను ఎంచుకున్నందుకు కృతజ్ఞతలు, కానీ కొన్ని కుటుంబ కారణాల వల్ల రాలేక... అక్షరాలు కొడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ యంత్రాల బొమ్మలు ఆమె గది గోడ నిండా అంటించి ఉన్నాయి.

పక్కనుంచి అత్తయ్య ఆ ఫోనులోకి చూసింది.

"పన్నెండు రోజులు," అంది, దారం పంటితో తెంపుతూ.

"ఏంటే?" అన్నాడు మావయ్య.

"ఆరు నెలలు కాదు. పన్నెండు రోజులకే తిరిగొచ్చేశారు."

మావయ్య, "ఊరుకోవోయ్," అన్నాడు గానీ గొంతులో పస లేదు.

"ఇరవై ఏళ్ళు ఊరుకున్నానండీ. మీ సరదా మీది, నలుగురూ నవ్వుకుంటున్నారు, నాకేం పోయిందిలే అనుకున్నాను. ఇవాళ ఇది రానని రాసేస్తోంది. మీ కోతలకి దీని బతుకెందుకు తెగాలి?" ఆవిడ మేనకోడలి వైపు తిరిగింది. "విను. మీ అమ్మక్కూడా తెలీదు. అక్కడ దిగింది మొదలు ఈయన గది తలుపు కింద లైనింగు గుడ్డ కుక్కారు. స్నానాలగది తూములో దూది కుక్కారు. పురుగు పైకొస్తుందని తొమ్మిది రోజులు స్నానం లేదు. తొమ్మిదో రోజు పొద్దున దుప్పటి దులిపితే చారలు చారలుగా పొడుగ్గా ఏదో కాళ్ళ మీద పడింది. తువ్వాలుతో వరండాలోకి పరుగు. హాస్టలు హాస్టలంతా లేచొచ్చింది. గదులు తుడిచే ఆవిడ లోపలికెళ్ళి రెండు వేళ్ళతో పట్టుకొచ్చి ఈయన మెళ్ళో వేసింది."

"ఏంటది?" అన్నాడు పెద్దాయన.

"టేపు. పామును చూసి టేపనుకోలేదు మహానుభావుడు, టేపును చూసి పామనుకున్నాడు. మిగతా ఆరు నెలలూ మా పుట్టింట్లో, మా అన్నయ్య కొట్లో కూర్చుని కాజాలు తీశారు."

మేనకోడలు మావయ్యనే చూస్తోంది. పెద్దాయన నవ్వుదామా వద్దా అన్నట్టు గుమ్మం బయటికి చూశాడు. మావయ్య కత్తెర తీశాడు, మళ్ళీ పెట్టేశాడు.

"పాముకి భయపడి రాలేదే కోడలా," అన్నాడు. "అది పాము కాదని తేలిపోయిందిగా, ఇంక భయమేముంది? మర్నాటి నుంచీ నేను మిషను దగ్గర కూర్చుంటే చాలు, పక్కవాళ్ళు బుస్సుమనేవాళ్ళు. ముప్పై మంది. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజుకి నావల్ల కాలేదు, సిగ్గుతో వచ్చేశాను. చెడ్డవాళ్ళేం కాదు వాళ్ళు. ఇంకో వారం ఆగుంటే మర్చిపోయేవాళ్ళు. ఎదుటివాడు నవ్వకముందే నేనే నవ్విస్తే పోలా అని, వచ్చినప్పటి నుంచీ ఇదిగో, ఇలా."

"మరి నిజంగా ఏ జంతువునీ చూడలేదా మావయ్యా?"

"చూశాను. పిల్లి. లావుపాటి పిల్లి, ఎంత లావంటే..." అత్తయ్య తలెత్తింది. "మామూలు లావే," అన్నాడు.

మేనకోడలికి నవ్వొచ్చింది. వారం రోజుల్లో మొదటిసారి పూర్తిగా నవ్వింది. రాసిందంతా చెరిపేసి, పై నెల మొదట్లో వచ్చి పనిలో చేరతానని రాసింది. వేలు పంపే మీట మీద పెట్టి ఒకసారి మావయ్య వైపు చూసింది.

"నవ్వితే నవ్వనీ తల్లీ," అన్నాడాయన. "నవ్వారని మాత్రం వచ్చెయ్యకు."

ఆమె మీట నొక్కింది.