ఐలవ్వ గంజి పెట్టిన గొంగడి

కురుమ గట్టయ్య పెండ్లాం ఐలవ్వకు తల్లిగారు ఒక నల్లగొర్రెను ఇచ్చిన్రంట. ఒక్కటే గొర్రె. దాని ఉన్నిని మంద ఉన్నితోటి కలపనిచ్చేది కాదు, కత్తిరించినప్పుడల్లా వేరే మూటగట్టి దూలానికి వేలాడదీసేది. అట్ల దాచి, వడికి, గట్టయ్య ముంగట పెట్టి, నాకొక గొంగడి నెయ్యి అన్నదంట. "నీకెందుకే గొంగడి, మంద ఎంబడి పోతవా?" అని నవ్విండు గాని, నేసిండు. మంచిగనే నేసిండు. మగ్గం మీదికెళ్లి దించంగనే ఏమన్నడంటే, దీన్ని దొరకు ఇస్త, ఈ వానకాలం ఆయన బీడుల మేపుకోనిస్తడు అన్నడు. ఐలవ్వకు కడుపు మండింది. "నా తల్లిగారి గొర్రె ఉన్ని దొర కప్పుకుంటడా?" "నీ తల్లిగారి గొర్రె మేసింది ఎవని బీడుల? నోరు మూసుకోని గంజి పెట్టు, తీస్కపోవాలె."

గంజి అంటే తాగేది కాదు, నవ్వకున్రి. చింతగింజలు ఉడకబెట్టి, నూరి, గొంగడికి పట్టిస్తం. ఆరిందనుకో, ఎంత వాన కొట్టినా నీళ్లు మీదికెళ్లి జారిపోవాల్సిందే. ఐలవ్వ ఏంజేసిందంటే, చింతగింజలు ముట్టలే. జొన్నపిండి గంజి కాసి పూసింది. ఎండినంక అదిగూడ అట్లనే గట్టిగుంటది, చూస్తే తెల్వది. వానల పడితే మాత్రం పిండి పిండే. దొర తడవాలె, అంతే ఆమె పంతం.

గట్టయ్య పోయిండు. వానలు పట్టినయి. ఇంటికి రాలే. బీడుల మేపుతున్నడనుకున్నది. ఏమైందంటే, దొర జీతగాడు ఎల్లేశం అటు పోతా ఆగి, "ఐలక్కా, మీ గొంగడిని దొరసాని గడప దాటనియ్యలే, గొర్రెకంపు అని బయటికి ఇసిరేసింది. బావ మొఖం ఇంతయింది. నీకేం చెప్పాలెనో తెల్వక, అదే కప్పుకోని మందను గుట్టలకు తోల్కపోయిండు" అని పండ్లికిలించిండంట. ఐలవ్వ తలుపెనక చూసింది. గట్టయ్య పాత గొంగడి కొయ్యకు ఏలాడుతున్నది.

దాన్ని గుంజుకోని, ఆ వానలనే గుట్టకు ఉరికింది. ఒక బండ కింద గొర్రెల నడుమ కూసున్నడు. కొత్త గొంగడి నీళ్లు తాగి బండెడు బరువైంది. జరంతోటి పెయ్యి కాలిపోతున్నది, పండ్లు కటకట కొట్టుకుంటున్నయి. పాతది కప్పబోతే ఒద్దన్నడంట. "ఇదే ఉండనియ్యే. దొరసాని ఇసిరేసుడే మంచిదాయె. లేకుంటే నీ చేతి గొంగడి నాకు దొరుకునా?" అన్నడంట. ఐలవ్వ పాతదాన్ని ఆ తడి గొంగడి మీదనే కప్పింది.

రెండ్రోజులకు పోయిండు. మా కురుమోళ్ల ఆచారం, మొగోణ్ని ఆయన గొంగడిల చుట్టే సాగనంపుతం. ఆ కొత్తదే చుట్టిన్రు. చుట్టినోళ్ల చేతులకు జిగట అంటింది, బురద అనుకోని తుడుచుకున్నరు. దొరసాని వల్లనే సచ్చిండని ఊరంత దుమ్మెత్తి పోసింది. ఐలవ్వ గూడ తిట్టింది. అందరికంటే గట్టిగ తిట్టింది.

మరి ఏం జెయ్యాలె ఆమె? మీరే చెప్పున్రి. నాకైతే తెల్వది. ఒక్కటి మాత్రం చెప్త: మా ఇండ్లల్ల కొత్త గొంగడి కప్పుకునే ముందు చెంబెడు నీళ్లు పోసి చూస్తం. పెండ్లాం ఇచ్చినా సరే. పెండ్లాం ఇస్తే రెండు చెంబులు.