పక్కసీటు తలుపు

వయసులో ఉన్నప్పుడు నడిపిన పికప్పులాంటిదే కావాలని, పాత బండ్లు అమ్మే షెడ్డుకు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు తండ్రి. నీలం బండి దొరికింది. ఇంజన్ వైపు కన్నెత్తయినా చూడకుండా పక్కసీటులో కూర్చుని, లోపలి పిడి లాగి తలుపు తీశాడు. వేసి మళ్ళీ తీశాడు.

“ఇది లోపల్నుంచే తెరుచుకుంటోందమ్మా.”

“తెరుచుకోక? తలుపు కదా నాన్నా!”

“మన బండిది లోపల్నుంచి వచ్చేది కాదు. నేను దిగి, చుట్టూ తిరిగొచ్చి తీస్తే గానీ మీ అమ్మ దిగేది కాదు.”

“బాగు చేయించాల్సింది.”

“చేయిస్తానంటే, ఎందుకు దండగ అనేది.”

కూతురు తలుపు దగ్గరికొచ్చింది.

“నువ్వు బండి ఆపి ఎటైనా వెళ్ళినప్పుడు అమ్మ లోపల్నుంచే తీసేది నాన్నా. పిడి కాస్త పైకెత్తి లాగితే వచ్చేసేది. నాకూ నేర్పింది. నాన్నకి చెప్పావంటే ఊరుకోనంది.”

తండ్రి డ్యాష్‌బోర్డు మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు.

“అడుగుదామంటే ఇప్పుడు మనిషి లేదు. నాకెందుకు చెప్పలేదే?”

“నువ్వు దిగి చుట్టూ తిరిగొచ్చేదాకా ముందద్దంలోంచి నిన్నే చూస్తూ కూర్చునేది.”

ఆయన దిగి, అటువైపు వెళ్ళి స్టీరింగు పట్టుకున్నాడు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, షెడ్డు చుట్టూ ఒకసారి తిప్పి, బండి ఆపి దిగాడు. కూతురు దిగలేదు.

“దిగవేమే?”

“తలుపు రావట్లేదు నాన్నా.”

ఇందాక తన చేత్తో రెండుసార్లు తీసి చూసిన తలుపే. అయినా ఆయన చొక్కా సర్దుకుని, జుట్టు సవరించుకుని, బండి ముందునుంచి మెల్లగా చుట్టూ తిరిగి వచ్చాడు.