మ్యాపుల బీరువాలో మిగిలిన పెట్టె

1991 జూలై 8, సోమవారం ఉదయం, ప్రార్థన గంట ఇంకా మోగకముందే, చంకలో గ్లోబు పెట్టుకుని మా ఉన్నత పాఠశాల మెట్లెక్కిన సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పాఠశాలలో గ్లోబు లేదని ముందే వాకబు చేసి, సొంతంగా కొని మరీ తెచ్చుకున్నారు. మధ్యాహ్నానికల్లా పిల్లలు ఆయనకు ‘గ్లోబు మాస్టారు’ అని నామకరణం చేసేశారు. అసలు పేరు హాజరు పట్టీకే పరిమితమైపోయింది.

ప్రజాస్వామ్యమంటే పరీక్షలో వచ్చే రెండు మార్కుల ప్రశ్న అనుకునే రోజుల్లో, ఉద్యోగంలో చేరిన రెండో ఏడే ఆయన విద్యార్థి సంఘాన్ని స్థాపించారు. రహస్య ఓటు, లక్కముద్ర వేసిన పెట్టెలు, నెలకొకసారి ‘ప్రశ్నల గంట’, అన్నీ సక్రమంగా ఏర్పాటు చేసి, నియమావళిని మాత్రం పిల్లల చేతనే రాయించారు. అందులో మొదటి నియమం ఇది: “తప్పు చేసినవారు లేచి నిలబడి జవాబు చెప్పాలి, ఉపాధ్యాయులైనా సరే.” పిల్లల్ని నెత్తికెక్కించుకుంటున్నారని స్టాఫ్ రూములో సణుగుళ్ళు వినిపించాయి. ఆయన విననట్టే ఊరుకున్నారు.

ఆ నియమానికి తొలి బలి కూడా వారే. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ప్రశ్నల గంటలో లేచి, “మాస్టారూ, మొన్న నదుల పాఠం చెప్తూ మీరు కునుకు తీశారు. నిజమేనా?” అని నిలదీసింది. మాస్టారు చేతులు కట్టుకుని, “నిజమేనమ్మా. మూడు నిమిషాలు. నది సముద్రంలో కలిసేలోపు లేచాను” అన్నారు. వారం రోజులు మొక్కలకు నీళ్ళు పోయాలని సంఘం శిక్ష వేసింది. ఎనిమిదో రోజు కూడా ఆయన బకెట్టుతో కనిపిస్తే, “శిక్ష అయిపోయింది కదా మాస్టారూ” అన్నారు పిల్లలు. “మొక్కలకు ఆ సంగతి తెలియదర్రా” అన్నారు.

ప్రధానోపాధ్యాయ పదవి రెండుసార్లు వెతుక్కుంటూ వచ్చినా, తరగతి గది విడిచి ఉండలేనని సవినయంగా తిప్పి పంపారు. ముప్పై మూడేళ్ళు ఎన్నికల అధికారిగా ఉన్నా, ఆయన నిర్వహించిన ఏ ఎన్నిక మీదా ఒక్క ఫిర్యాదు రాలేదు. అభినందన వ్యాసం ఇక్కడితో ముగిస్తే అందరికీ బాగుంటుంది. కాని మూడు వారాల క్రితం జరిగినది చెప్పకుండా వారిని అభినందించడం సాధ్యం కాదు.

ఆ రోజు మ్యాపుల బీరువా అప్పగింత జరుగుతోంది. ఎన్నికల లెక్కింపులో చాలా ఏళ్ళుగా ఆయనకు తోడుగా ఉన్న లెక్కల మేడమ్ జాబితా చదువుతుంటే, అటెండరు ఒక్కొక్కటీ బయటికి తీస్తున్నాడు. చుట్టలు చుట్టిన మ్యాపులు ముప్పై ఒకటీ వచ్చాక, వాటి వెనకనుంచి ఒక పెట్టెను లాగి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

“మాస్టారూ, ఇందులో ఏవో కాగితాలున్నాయండీ.”

పెట్టె మీద లక్కముద్ర చెక్కుచెదరలేదు. అంటించిన చీటీ మీద మాస్టారి చేవ్రాలుంది. ‘తొమ్మిదో తరగతి, బి సెక్షన్’ అని ఉంది. మాస్టారు ఆ చీటీని రెండుసార్లు చదివారు. లెక్కల మేడమ్ జాబితా మడిచి పక్కన పెట్టేసింది.

సంగతి ఇది. ఏడు నెలల క్రితం, విద్యార్థి నాయకురాలి ఎన్నిక రోజున, బి సెక్షన్‌వాళ్ళు మాస్టారి వెంట మ్యూజియం చూడడానికి వెళ్ళాల్సి ఉంది. అందుకని ముందురోజే వారిచేత ఓట్లు వేయించి, పెట్టెను బీరువాలో భద్రపరిచారు. ఎన్నిక రోజు లెక్కింపు మేడమ్ చేతుల మీదుగా జరిగింది. ఆ పెట్టె ఎవరూ తెరవలేదు. సాయంత్రం తిరిగివచ్చిన మాస్టారు ఫలితం మీద సంతకం చేశారు. పదో తరగతిలో గొంతు పెద్దదని ‘మైకు’ అని పిలిచే అమ్మాయి తొమ్మిది ఓట్లతో గెలిచింది. ఓడిపోయినది ఆమె తరగతిలోనే చదువుతూ, బడి లైబ్రరీ చూసుకునే అమ్మాయి.

ప్రధానోపాధ్యాయురాలు తల పట్టుకున్నారు. “ఇంకో నెల రోజుల్లో వెళ్ళిపోతున్నారు. కొరివితో తల గోక్కోవడం దేనికండీ? ఎవరికీ తెలియదు కదా.”

“నాకు తెలిసిపోయింది కదండీ. తెరవకపోతే నలభై ఒక్కమంది పిల్లలు ఓటు వేయనట్టే” అన్నారు మాస్టారు.

మర్నాడు ప్రార్థన సమావేశంలో, అందరి ఎదుట పెట్టె తెరిచారు. నలభై ఒకటిలో ఇరవై ఎనిమిది లైబ్రరీ అమ్మాయికి, పదమూడు మైకుకు. అంటే ఆరు ఓట్లతో గెలిచినది లైబ్రరీ అమ్మాయి! మైకు తన బ్యాడ్జీ విప్పుతూ, “ఏడు నెలలు నాది కాని కుర్చీలో కూర్చున్నానా మాస్టారూ?” అంది. ఆ పిల్ల గొంతు అంత చిన్నగా వినడం అందరికీ అదే మొదటిసారి. “నీ తప్పు కాదమ్మా” అన్నారు మాస్టారు.

ఆ వారమే ప్రశ్నల గంట. కొత్త నాయకురాలైన లైబ్రరీ అమ్మాయి లేచి అడిగింది: “మాస్టారూ, బీరువాలో పెట్టె ఉందని ఆ రోజు ఎవరికైనా చెప్పారా?”

“సంతకం నాదమ్మా. సంతకం పెట్టినవాడే చూసుకోవాలి.”

అడిగినది ఒకటి, చెప్పినది ఒకటి. ఆ తేడా హాలులో ఒక్కరికే తెలుసు. సంఘం తీర్మానం చదివారు: గ్లోబు మాస్టారిని ఎన్నికల అధికారి బాధ్యతనుంచి తొలగించి, ఆ స్థానంలో లెక్కల మేడమ్‌ను నియమించడమైనది. మాస్టారు లేచి, సంఘానికి కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే మేడమ్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మొన్న మా పాఠశాల పత్రిక ఈ సంచిక కోసం ఫొటో ఇవ్వడానికి వచ్చిన మాస్టారి సతీమణి, “సరిగ్గా అన్నం తినడం లేదమ్మా. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగానికి చివర్లో ఈ మచ్చేమిటని లోలోపల కుమిలిపోతున్నారు. బయటికి మాత్రం అనరు” అని మేడమ్‌తోనే చెప్పుకున్నారు. మేడమ్ ఫొటో అందుకుని, చెప్పాల్సిన జవాబు చెప్పకుండానే ఆమెను గేటు దాకా సాగనంపింది.

కనుక జవాబు ఇక్కడ రాయవలసి వస్తోంది. మ్యూజియానికి బయలుదేరే ముందురోజు మాస్టారు స్టాఫ్ రూము గుమ్మంలో ఆగి, “మేడమ్, బి సెక్షన్ పెట్టె మ్యాపుల వెనక ఉంది, మరిచిపోకండేం” అని స్పష్టంగా చెప్పారు. పేపర్లు దిద్దుతున్న మేడమ్ తల ఎత్తకుండానే “అలాగే మాస్టారూ” అంది. మర్నాడు మొత్తంలో నలభై ఒక్క ఓట్లు తగ్గితే, ‘బి సెక్షన్, విహారయాత్ర, గైర్హాజరు’ అని తన చేత్తోనే రాసి లెక్క సరిపెట్టింది. పెట్టె బయటపడ్డ క్షణంలోనే అంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా మూడు వారాలు నోరు కుట్టుకుని కూర్చుంది. మాస్టారు ఆ రోజునుంచి ఈ రోజు వరకు ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ లెక్కల మేడమే ఈ వ్యాసకర్త్రి.

ఎన్నికల అధికారి పదవి తనకు తగదని, వచ్చే శుక్రవారం ప్రశ్నల గంటలో తన పేరు మొదట రాసుకోవాలని, ఆమె ఈ ఉదయం నాయకురాలికి చీటీ ఇచ్చింది. మాస్టారు ఆ గంటకు తప్పక వచ్చి ముందు వరుసలో కూర్చోవాలని, ఆ పూట ఇంటికి వెళ్ళి కడుపునిండా భోజనం చేయాలని, ధర్మపత్నీ సమేతంగా సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, లేచి నిలబడి కోరుకుంటున్నది.